సబ్మిట్ బటన్ లేని తొమ్మిది రోజులు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అక్కకి మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆవిడకి అర్థమైంది.

"అంటే ముక్కలు ముందే తయారుగా ఉంటాయి. నువ్వు వాటిని మౌస్‌తో లాగి పక్కపక్కన పెడతావు. అంతేనా?"

"అంతే."

"మరి దానికి నాలుగేళ్ళు ఇంజినీరింగ్ ఎందుకురా?"

ఈ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడూ లేదు.

మా ఆఫీసు దుబాయ్‌లో, డేరా అనే పేటలో, మసాలా దినుసుల కొట్టు పైన మూడో అంతస్తులో ఉంటుంది. కంపెనీలకి పోర్టళ్ళు కట్టి ఇస్తాం. పోర్టల్ అంటే పెద్ద విషయమేం కాదు. పనివాళ్ళు ఫోన్లో లాగిన్ అయి లీవు అడగడానికీ, ఫిర్యాదు చెప్పుకోవడానికీ, బస్సులో సీటు పెట్టించుకోవడానికీ వాడే వెబ్‌సైటు. కోడ్ దాదాపు రాయం. ఫారం ఒక బ్లాక్, కేలండర్ ఒక బ్లాక్, బటన్ ఒక బ్లాక్. లాగడం, వదలడం. మామూలుగా కోడ్ రాసేవాడికి ఒక సుఖం ఉంది: ఏదైనా చెడితే ఫలానా లైనులో చెడిందని వేలు పెట్టి చూపించొచ్చు. మాకు లైన్లే లేవు. పని చేసినప్పుడు ఎందుకు చేసిందో తెలీదు, చెయ్యనప్పుడు ఎందుకు చెయ్యలేదో తెలీదు. దీన్ని మా బ్రోషర్‌లో 'సరళత' అని రాశారు.

కరోనా సద్దుమణిగి జనం మాస్కులు మరిచిపోయిన ఏడాది అది. నేను చేరి నాలుగు నెలలైంది. ప్రొబేషన్ ఆరు నెలలు. పక్కనున్న షార్జాలో, రోలా అనే చోట, ఒక గదిలో ఆరుగురం. కిటికీ పక్క మంచం నాకు దొరకడమే అప్పటికి నేను సాధించిన ఘనకార్యం. అలాంటి సమయంలో నాకు రువైస్ పోర్టల్ అప్పగించారు.

రిఫైనరీకి మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీ పోర్టల్ అది. వాళ్ళ క్యాంపు ఆ రిఫైనరీ ఉన్న ఊరు రువైస్‌లో, ఆఫీసు అబుదాబిలో. ఆ ఆఫీసులో కూర్చునే పెద్దాయన్ని అందరూ ముదీర్ (అరబ్బీలో మేనేజరు) అనే పిలుస్తారు కాబట్టి నేనూ అదే అంటాను. మొదటి మీటింగులో ఆయనకి మా గొప్ప చెప్పింది నేనే: "సార్, అన్ని పేజీల్లోనూ ఒకే బ్లాక్ పెడతాం. ఒక చోట మారిస్తే అన్ని చోట్లా దానంతటదే మారుతుంది." ముదీర్ తల ఊపాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

పోర్టల్ ఎలా వాడాలో పనివాళ్ళకి చూపించడానికి రువైస్ పంపించారు. డేరాలో తెల్లారి బయల్దేరితే క్యాంపు డైనింగ్ హాల్లోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం పప్పు వడ్డిస్తున్నారు. పోర్టల్ ఇంగ్లీషు, అరబ్బీ, హిందీల్లో ఉంది. తెలుగు లేదు. నేను మైకు పట్టుకుని హిందీలో పది నిమిషాలు వివరించాను. ఎదురుగా ఉన్న తెలుగువాళ్ళంతా ఎంతో మర్యాదగా నన్ను చూస్తూ అన్నం తిన్నారు. అప్పుడు వెనక బల్ల దగ్గర్నుంచి ఒకాయన లేచాడు. నలభై ఏళ్ళుంటాయి, కోనసీమ మనిషి, ఇనప పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్.

"మావోళ్ళకి నేను చెప్తానండి," అని వాళ్ళవైపు తిరిగాడు. "ఒరేయ్, ఇన్నాళ్ళూ కాగితం మీద రాసి క్యాంప్ బాస్ చేత స్టాంపు వేయించుకునేవోళ్ళం కదా. అది ఖలాస్. ఇప్పుడు ఫోన్లో రాయాలి, ఆఖర్ని పచ్చ బటన్ నొక్కాలి. నొక్కకపోతే రాయనట్టే లెక్క. అంతేరా. తినండి."

నా పది నిమిషాలూ ఇరవై సెకన్లలో అయిపోయాయి.

తర్వాత టీ తాగుతూ ఆయన నా లాప్‌టాప్ చూశాడు. బ్లాకులు లాగి చూపించాను. ఆయనకి మా అక్క కంటే త్వరగా అర్థమైంది.

"మా పనీ ఇదేనండి ఇంజినీరుగారూ. పైపులు, క్లాంపులు, పలకలు. ఎక్కడ కట్టినా అవే ముక్కలు. విప్పి ఇంకోచోట కడతాం."

"నన్ను గారు అనకండి అన్నా. మీకంటే చాలా చిన్నవాణ్ణి."

"అలవాటండి. కాకపోతే మేం క్లాంపు విప్పేముందు పైన ఎవరైనా ఉన్నారేమోనని తలెత్తి చూస్తామండి. మీకు ఆ బాధ లేదు."

నేను నవ్వాను. మాకు పైన ఎవరూ ఉండరు అన్నాను.

అప్పుడే ఆయన తన లీవు సంగతి చెప్పాడు. మొదటి పాప పుట్టినప్పుడు విమానాలు ఆగిపోయి ఉన్నాయి. ఏడాదిన్నర పాటు ఆ పిల్ల తండ్రిని ఫోన్లోనే చూసింది. ఆయన ఇంటికెళ్ళిన రోజు వాకిట్లో చేతులు చాచి కూర్చుంటే, పిల్ల దగ్గరకొచ్చి, ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ లాక్కుని, దాన్ని చూస్తూ "నాన్న" అందట.

ఇలాంటి చోట మనిషి ఏదో ఒకటి అనాలి. "మంచి కంపెనీ ఫోనేనా అన్నా?" అన్నాను. అన్నాక భయమేసింది. కానీ ఆయన టీ పొలమారేలా నవ్వాడు.

"ఇప్పుడు రెండోదండి. వచ్చే నెల ఇరవయ్యో తారీకు లోపు అన్నారు డాక్టరమ్మగారు. ఈసారి మటుకు నేనుండాలండి. మా ఆవిడకి మాటిచ్చేశాను."

చిక్కల్లా ఏమిటంటే వచ్చే నెల ఒకటి నుంచి షట్‌డౌన్. అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే కాలం; ప్లాంటు ఆగుతుంది, మనుషులు ఆగరు. ఆ రెండు నెలల్లో లీవు కావాలంటే ముందుగా పోర్టల్‌లో అడగాలి. ఆ పై వారం గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి జాబితా మూసేస్తారు. కాగితాలు తీసుకోరు. ఆ తాళం కూడా నేనే పెట్టాను: పన్నెండు కొట్టగానే లీవు పేజీ దానంతటదే మూసుకుపోతుంది. ముదీర్‌కి అన్నిటికంటే నచ్చింది అదే.

"తొందరగా పెట్టెయ్యండి అన్నా," అన్నాను.

"టిక్కెట్టు తారీకు మావాళ్ళనడిగి, నాలుగు రోజుల్లో పెట్టేస్తానండి."

నాలుగు రోజులు. మూడో రోజు మంగళవారం. ఆ రోజు ముదీర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: శుక్రవారం అబుదాబి వెళ్ళే బస్సులు కొన్నాళ్ళు లేవు, బస్సు పేజీలో బటన్ కనిపించకుండా చెయ్యి. నేను బస్సు పేజీ తెరిచి, పచ్చ బటన్ మీద నొక్కి, 'కార్మికులకు కనిపించు' అన్న గడిలో టిక్కు తీసేశాను. నలభై సెకన్లు పట్టింది. 'డన్ సార్' అని బొటనవేలు బొమ్మ పంపాను. నా ఉద్యోగ జీవితంలో అంత వేగంగా చేసిన పని మరొకటి లేదు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున నేను రోలా నుంచి డేరా వెళ్ళే బస్సులో నిలబడి ఉండగా ఫోర్‌మన్ ఫోన్ చేశాడు.

"ఇంజినీరుగారూ, లీవులు ఆపేశారాండి?"

"ఎవరన్నారు అన్నా?"

"ఎవరూ అనలేదండి. అలా అనిపించిందండి మాకు. మీకేమన్నా తెలుసేమోనని."

"నాకు తెలీదన్నా. అది కంపెనీ విషయం. మేం వెబ్‌సైట్ వరకే. మీ క్యాంప్ బాస్‌ని అడగండి."

"అడిగామండి. ఆన్‌లైన్లో చూసుకోమన్నాడండి. సరేలెండి."

పెట్టేశాడు. ఆయన అడిగినదేంటో నాకు అర్థం కాలేదు. ట్రాఫిక్‌లో ఒక గంట ఖాళీ ఉన్నా ఆలోచించలేదు. షట్‌డౌన్ ముందు కంపెనీలు ఏవేవో చేస్తాయి, మనకెందుకు అనుకున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఒకాయన తన మోకాలు నా లాప్‌టాప్ బ్యాగు మీద ఆనించి నిద్రపోతున్నాడు.

బుధవారం మా మేనేజర్ కునాఫా అనే అరబ్బీ మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆయనది కరీంనగర్ దిక్కు. దుబాయ్ వచ్చి పదిహేనేళ్ళైనా మాట మారలేదు, కోపం మారలేదు, మీసం మాత్రం నెరిసింది.

"తమ్మీ, చూసినవా? ఎనిమిది రోజుల సంది రువైస్‌ల ఒక్క కంప్లైంట్ లేదు. జీరో! కాగితాలున్నప్పుడు వారానికి ఒక కట్ట వస్తుండె. ఏసీ పనిచేస్తలేదు, పప్పు నీళ్ళ లెక్క ఉంది, బల్బు పోయింది. ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు. ముదీర్ ఫుల్ ఖుషీ. గ్రాఫ్ గీసి వాళ్ళ పెద్దోళ్ళకు పంపిండట."

"సార్, పోర్టల్ పెడితే ఏసీలు ఎలా బాగయ్యాయి?"

"గదంతా నీకెందుకురా? మనిషికి మనసుల మంచిగనిపిస్తే ఏసీ సంగతి ఎవడడుగుతడు?"

"లీవులు కూడా ఎనిమిది రోజులుగా ఎవరూ అడగలేదు సార్."

"షట్‌డౌన్ టైం. బాధ్యత గల్ల పిల్లలు." ఆయన నాకు పెద్ద ముక్క తీసి పెట్టాడు. "నీ ప్రొబేషన్ సంగతి నేను చూసుకుంట. తిను."

ఏదో తేడాగా అనిపించింది. అది కునాఫాలో తీపి ఎక్కువవడం వల్లనుకుని ఇంకో ముక్క తిన్నాను.

గురువారం పదీ పదికి ఫోర్‌మన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టి వెళ్ళాలి. టీ విరామంలో గేటు బయటికొచ్చి చేస్తున్నాడు. పది నిమిషాలే టైం.

"బటన్ ఎవరు తీయించారో ఒక్కసారి చెప్పండి బాబూ. నేను ఆయన్నే వెళ్ళి బతిమాలుకుంటాను."

"ఏ బటన్ అన్నా?"

"పచ్చ బటనండి. లీవు పేజీలో."

నా ఎదురుగా లీవు పేజీ తెరిచే ఉంది. కింద బటన్ నిక్షేపంగా ఉంది. "ఉందన్నా. నా ముందే ఉంది."

"లేదండి బాబూ."

"కిందికి జరిపి చూడండి."

"జరిపామండి. ఇంక జరగడానికి లేదండి."

"ఫోన్ ఆపి మళ్ళీ పెట్టండి."

"నాలుగు ఫోన్లలో చూశామండి. మా గదిలోవాళ్ళవి మూడు, నాది ఒకటి. ఎందులోనూ లేదండి."

"అన్నా, నేను కళ్ళతో చూస్తున్నాను."

"మరి నేను దేంతో చూస్తున్నానండి?"

"ఎప్పట్నించి లేదు?" అన్నాను.

"వారం పైనే అయిందండి."

"వారం! మరి చెప్పరేం అన్నా?"

"చెప్పడానికేముందండి? షట్‌డౌన్ వస్తోందంటే ఏదో ఒకటి తీసేస్తారు కదండి. పోయినసారి శుక్రవారం సెలవు తీసేశారు. ఈసారి లీవులు తీసేశారనుకున్నాం. లీవు లేదంటే బటనెందుకని తీసుంటారు."

నేను కట్టిన పోర్టల్ చెడిపోతే వాళ్ళకది చెడిపోయినట్టు అనిపించలేదు. కంపెనీ నిర్ణయంలా కనిపించింది. ఇంతవరకూ నా పనిని అంత గౌరవంగా ఎవరూ చూడలేదు.

విజిల్ వినిపించింది. ఆయన గబగబా తన ఉద్యోగి నెంబరూ, పాస్‌వర్డూ చెప్పాడు. మీరే చూడండి అన్నాడు. పాస్‌వర్డ్ ఏమిటంటే మొదటి పాప పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఫోన్ లాకర్లోకి వెళ్ళిపోయింది. ఇక సాయంత్రం అయిదు దాకా ఆయన దొరకడు.

ఆయన నెంబరుతో లాగిన్ అయ్యాను. లీవు పేజీలో బటన్ లేదు. నా లాగిన్‌లో ఉంది. ఆయన లాగిన్‌లో లేదు. రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. అదే పేజీ, అదే ఫారం, కుడివైపు పచ్చగా, ఎడమవైపు ఖాళీగా. ఒక ఇంట్లో రెండు తలుపులుండి, ఒక తలుపులోంచి చూస్తే వంటగది ఉంటుంది, ఇంకో తలుపులోంచి చూస్తే ఉండదు. అలా ఉంది నా పరిస్థితి.

బ్రౌజర్ మార్చాను. నెట్ మార్చాను. హిందీ నుంచి ఇంగ్లీషుకి మార్చాను. ఇంగ్లీషు నుంచి అరబ్బీకి మారిస్తే పేజీ అంతా కుడి నుంచి ఎడమకి తిరిగింది, బటన్ మాత్రం రెండు వైపులా లేదు. మేనేజర్ నా వెనక నిలబడి, "హిందీల పెట్టినవా? హిందీల పెడితే గిట్లనే అయితది," అన్నాడు. ఎందుకలా అవుతుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ గంటన్నరలో మా ఇద్దరిదీ కలిపి జ్ఞానం అంతే.

పదకొండూ నలభై అయిదుకి, ఎందుకు వెళ్ళానో తెలియకుండానే, బ్లాకుల జాబితాలోకి వెళ్ళాను. పచ్చ బటన్ పక్కన బూడిద రంగులో చిన్న అక్షరాలు: 'అయిదు పేజీల్లో వాడుకలో ఉంది.'

లీవు పేజీ. ఫిర్యాదుల పేజీ. గది మార్పు పేజీ. గేటు పాస్ పేజీ. బస్సు పేజీ.

అన్నిటిలోనూ ఉన్నది ఒకేలాంటి అయిదు బటన్లు కాదు. ఒకటే బటన్. నేను బస్సు పేజీలో టిక్కు తీసినప్పుడు అయిదు పేజీల్లోనూ మాయమైంది. అడ్మిన్‌ని కాబట్టి నాకు మాత్రం కనిపిస్తూనే ఉంది. ఒక చోట మారిస్తే అన్ని చోట్లా దానంతటదే మారుతుంది. నేను ముదీర్‌కి అబద్ధం చెప్పలేదు.

ఎనిమిది రోజుల సున్నా ఫిర్యాదులకి కారణం కూడా అప్పుడే తెలిసింది. నాకు చెమటేం పట్టలేదు. మా ఆఫీసులో ఏసీ బాగానే పనిచేస్తుంది, ఫిర్యాదు చెయ్యడానికేం లేదు.

టిక్కు పెట్టాను. ఫోర్‌మన్ లాగిన్‌లో బటన్ వచ్చింది. టైం పదకొండూ యాభై రెండు.

ఎనిమిది నిమిషాలున్నాయి. ఆయనకి ఫోన్ చేశాను, స్విచాఫ్. సరే, ఆయన తరఫున నేనే నింపేద్దామనుకున్నాను. కారణం అన్న గడిలో 'భార్య ప్రసవం' అని ఇంగ్లీషులో కొట్టాను. ఎప్పటి నుంచి? ఇరవై లోపు అన్నాడు. అంటే పదా, పన్నెండా, పద్దెనిమిదా? ఎప్పటి వరకు? తెలీదు. దిగే విమానాశ్రయం? హైదరాబాదా, విశాఖా? ఆ గడి తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టింది కూడా నేనే. పెళ్ళాం పిల్లలు లేని నేను కేలండర్ ముందు కూర్చుని ఇంకొకరి కాన్పు తేదీ లెక్కేస్తున్నాను. విశాఖ అని నొక్కాను. పదిహేను అని నొక్కాను. పచ్చ బటన్ మీదికి మౌస్ వెళ్ళేసరికి పేజీ బూడిద రంగులోకి మారింది.

'గడువు ముగిసింది. ధన్యవాదాలు.'

ఆ పోర్టల్ మొత్తంలో నేను అనుకున్నది అనుకున్నట్టు పనిచేసింది ఆ తాళం ఒక్కటే. 'ధన్యవాదాలు' నా సొంత ఆలోచన.

మేనేజర్‌కి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"ఎవ్వరన్న కంప్లైంట్ చేసిండ్రా?"

"ఎలా చేస్తారు సార్? ఆ పేజీలో కూడా బటన్ లేదు."

ఆయన కళ్ళు తెరిచి ఫ్రిజ్ మీదున్న కునాఫా డబ్బా వైపు చూశాడు. అందులో ఇంకా రెండు ముక్కలున్నాయి.

"జెర విను. ఇప్పుడు బటన్ వచ్చింది గదా? గడువు అయిపోయింది గదా? ముదీర్ మనల్ని ఏమన్న అడిగిండా? అడగలే. మరి మనమెందుకు పోయి చెప్పుడు?"

"ఆ ఫోర్‌మన్‌కి లీవు రాదు సార్."

"నీకు ప్రొబేషన్ ఉంది. యాదికుందా?"

"ఉంది సార్. ఇంకా రెండు నెలలు."

"వీసా?"

"అదీ యాదికుంది సార్."

ఎటు తోస్తే అటు నడిచే మనిషిని నేను. అప్పుడు మాత్రం ఎటూ తోచలేదు. ఉద్యోగం పోతే కిటికీ పక్క మంచం పోతుంది. కానీ ఆయన పొద్దున అడిగింది ఒక్కటే: ఎవరిని బతిమాలుకోవాలి? ఈ దేశం మొత్తంలో ఆ ప్రశ్నకి సమాధానం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సమాధానం నేనే.

"సార్, మొదటిసారి ఆయన ఫోన్లోనే తండ్రయ్యాడు. నా టిక్కు వల్ల రెండోసారీ అలాగే అవుతాడు. మీరు ఫోన్ చెయ్యకపోతే ముదీర్‌కి నేను చేస్తాను."

నేను ఆఫీసులో గంభీరంగా మాట్లాడిన మొదటి సందర్భం అది. సరిగ్గా 'నేను చేస్తాను' దగ్గర గొంతు కీచుమంది. మేనేజర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"పిల్లి లెక్క అరవకు. చేస్త ఆగు."

స్పీకర్ పెట్టి కలిపాడు. "ముదీర్, సలాం. ఒక చిన్న సమస్య..."

"పెద్దదే సార్," అన్నాను పక్కనుంచి.

చెప్పాల్సి వచ్చింది. తొమ్మిది రోజులు బటన్ లేదని, తప్పు నాదని, గడువులోగా ఎవరూ లీవు అడగలేకపోయారని చెప్పాను. తర్వాత ముదీర్ నెమ్మదిగా అడిగాడు.

"అంటే ఆ సున్నా ఫిర్యాదులు..."

"అవును సార్. ఆ సున్నా మాదే."

"నేను దాన్ని పైకి పంపాను. గ్రాఫ్‌తో."

"తెలుసు సార్. మేం కునాఫా తిన్నాం."

మేనేజర్ నా కాలు తొక్కాడు. ముదీర్ తిడతాడని చూశాను. ఆయన నాలాగే ఇరుక్కున్నాడని నాకు తట్టలేదు. పోర్టల్ చెడిందంటే గ్రాఫ్ కూడా చెడినట్టే కదా.

"ఖలాస్," అన్నాడు చివరికి. "సోమవారం పన్నెండు దాకా లీవు పేజీ తెరిచి ఉంచు. పనివాళ్ళందరికీ మెసేజ్ పెట్టు. అందులో తప్పు అనే మాట ఉండకూడదు. యల్లా, కానివ్వు."

మెసేజ్ నేనే రాశాను: 'గడువు సోమవారం వరకు పొడిగించడమైనది.' ఎవరు, ఎందుకు పొడిగించారో లేదు. అదే రోజు సాయంత్రం నా ప్రొబేషన్ గురించి కూడా మేనేజర్ ఒక మెయిల్ పంపాడు. అందులోనూ అదే వాక్యం, సోమవారానికి బదులు ఇంకో మూడు నెలలు.

అయిదు దాటగానే ఫోర్‌మన్‌కి ఫోన్ కలిసింది. చూడమన్నాను. "వచ్చిందండి! పచ్చగా ఉందండి!" అన్నాడు. ఆయన గదిలో ఎవరో విజిలేశారు. రెండు నిమిషాలకి నా స్క్రీన్ మీద ఆ పోర్టల్ మొట్టమొదటి లీవు దరఖాస్తు పడింది. తారీకు పదకొండు, విమానాశ్రయం హైదరాబాద్. నేను నింపినవి రెండూ తప్పే.

దాని వెనకే మిగతావి వరసకట్టాయి. ఫిర్యాదులు కూడా. ఏసీ, పప్పు, బల్బు. ఒకాయన హిందీలో ఇలా రాశాడు: 'సబ్మిట్ బటన్ లేదు.' దాన్ని పంపడానికి ఆయన ఏ బటన్ నొక్కి ఉంటాడో నేను అడగలేదు.

మర్నాడు నేనే ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. "అన్నా, లీవులు ఎవరూ ఆపలేదు. బటన్ తీసింది నేనే. పొరపాటున."

"ఊరుకోండి ఇంజినీరుగారూ. పైవాళ్ళు ఆపితే మీరు మాట్లాడి తెరిపించారు. క్యాంపులో అందరికీ తెలుసండి."

"కాదన్నా. అన్ని పేజీలకీ ఒకటే బటన్. నేను క్లాంపు విప్పాను. పైన ఎవరున్నారో చూడలేదు."

క్లాంపు పేరెత్తాక అర్థమైందనుకున్నాను.

"ఇన్నేళ్ళలో చాలామందితో పనిచేశానండి," అన్నాడు. "క్లాంపు విప్పినోడు ఎవడూ నేనే విప్పానని చెప్పడండి. మీరు చెప్తున్నారంటే మీరు కాదన్నమాట."

నా నేరాన్ని ఒప్పుకోవడమే నా నిర్దోషిత్వానికి సాక్ష్యమైపోయింది. ఇంకెలా చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలా రోజులు రువైస్ క్యాంపు నుంచి తెలుగువాళ్ళు ఫోన్ చేసి 'పైవాళ్ళకి ఒక మాట చెప్పమని' అడిగేవారు. నా పైన ఉన్నది గదిలో పై మంచం మీద పడుకునే మలయాళీ ఒక్కడే.

ఫోర్‌మన్ లీవు మంజూరైంది. పదకొండున వెళ్ళాడు. ఇరవై వచ్చింది, వెళ్ళింది. బిడ్డ రాలేదు. డాక్టరమ్మ చెప్పిన తేదీ కూడా నా కేలండర్ లాంటిదేనని తేలింది. ఇరవై రెండున ఫోన్ చేశాడు.

"ఇంకో వారం కావాలండి. పొడిగించుకోడానికి బటన్ ఎక్కడుందండి?"

పోర్టల్ అంతా ఒకసారి మనసులో తిరిగొచ్చాను. లీవు అడగడానికి పేజీ ఉంది. ఉన్న లీవు పొడిగించుకోడానికి లేదు. ముదీర్ అడగలేదు, మేనేజర్ అనుకోలేదు, నాకు తట్టలేదు. ఈసారి నిజంగానే బటన్ లేదు.

"అన్నా, ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి నాకు పంపండి."

"కాగితమాండి?" ఆయన గొంతులో నా ఉద్యోగం మీద మొదటిసారి అనుమానం వినిపించింది.

ఫొటో ముదీర్‌కి పంపాను. గంటలో జవాబు: ఒప్పుకున్నాను, కానీ దీనికి పేజీ కట్టు, కాగితాలు వద్దు, ఆయన చేత అందులో కూడా దరఖాస్తు పెట్టించు. పేజీ కట్టాను. బటన్ లాగి వదులుతుంటే ఒక చిన్న గడి అడిగింది: అందరితో కలిపి వాడే బటనా, ఈ పేజీకి విడిగానా? ఆ గడి మొదట్నుంచీ అడుగుతూనే ఉందట. నేను చూడకుండా మొదటిది నొక్కుతూ వచ్చాను. ఈసారి రెండోది నొక్కాను. తర్వాత ఒక ఉత్తుత్తి కార్మికుడి లాగిన్ సృష్టించి, దాంతో అన్ని పేజీలూ తెరిచి, కిందిదాకా జరిపి, తలెత్తి చూసినట్టు చూశాను. ఇప్పటికీ ఏది ముట్టుకున్నా ముందు అదే చేస్తాను. ఆ ఉత్తుత్తి కార్మికుడి వల్ల మా పని రెట్టింపైందని మేనేజర్ విసుక్కుంటాడు.

రెండు రోజుల తర్వాత ముదీర్ ఒక పీడీఎఫ్ పంపాడు. కొత్త పేజీలో వచ్చిన మొదటి దరఖాస్తు అచ్చు. పేరు, నెంబరు, తారీకులు అన్నీ ఉన్నాయి. కారణం అన్నచోట మాత్రం అక్షరాలు లేవు. చిన్న చిన్న ఖాళీ చతురస్రాలు ఒక వరుస నిండా ఉన్నాయి.

"ఇదేం కారణం?" అని రాశాడు ముదీర్. "మళ్ళీ ఏం తీసేశావు?"

పోర్టల్ తెరిచాను. అక్కడ అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి. ఫోర్‌మన్ ఇంగ్లీషులో కాదు, హిందీలో కాదు, తెలుగులో రాశాడు. తెలుగు మేం ఎక్కడా పెట్టలేదు, అచ్చులోకి వెళ్ళేసరికి గడులైపోయింది.

'ఈ రోజు పొద్దున ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నేను పక్కనే ఉన్నానండి.'

ముదీర్‌కి అర్థం రాసి పంపాను. 'మబ్రూక్', అంటే అభినందనలు, అని జవాబొచ్చింది, కింద ఇంకో వరుస: 'ఆ గడుల సంగతి సరిచెయ్యి.'

చూస్తున్నాను సార్ అన్నాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. తెలుగు ఎక్కడ గడులవుతోందో, ఎందుకవుతోందో నాకు తెలీదు.